అవతలి రోడ్డు మీద జరిగిన యాక్సిడెంట్‌కు నేను సాక్షిని

చార్జిషీటులో నేను ఎల్‌డబ్ల్యూ-3. బోనెక్కి ప్రమాణం చేశాక పీడబ్ల్యూ-2 అయ్యాను. అంటే పోలీసుల జాబితాలో మూడో సాక్షి, కోర్టు విచారించిన వాళ్లలో రెండోవాడిని. అనంతపురంలో డ్రిప్ సామాన్లు అమ్మే ఉద్యోగం నాది. రైతుల తోటల చుట్టూ తిరగడమే తప్ప కోర్టు మెట్లు ఎక్కిన వంశం కాదు మాది. సాక్ష్యం చెప్పొచ్చిన దగ్గర్నుంచి తెలిసినవాళ్లు ఫోన్ చేసి ఏమడిగారు, ఎంత తిప్పారు, భయం వెయ్యలేదా అని ఒకటే ప్రశ్నలు. ఒక్కొక్కరికీ చెప్పే బదులు రాసి పెడితే సరిపోతుందనిపించింది.

నిరుడు మార్చిలో నేషనల్ హైవే 44 మీద, పామిడి దాటి గుత్తి వైపు పోతుంటే జరిగింది. యాక్సిడెంట్లు రెండు. మొదటిది మా వైపు రోడ్డులో. టమాటా లోడుతో పోతున్న పికప్ వ్యాను టైరు పేలి, డివైడర్ ఎక్కి పక్కకు పడింది. రెండోది అవతలి రోడ్డులో, అడ్డమంటూ ఏమీ లేని చోట, తిన్నని తారు మీద, మండుటెండలో జరిగింది. నేను సాక్షిని ఆ రెండోదానికి.

వ్యాను డ్రైవరు పాతికేళ్ల పిల్లోడు, కళ్యాణదుర్గం పక్కవాడు. నా వెనక ఆగిన లారీ డ్రైవరూ నేనూ కలిసి అతన్ని క్యాబిన్‌లోంచి బయటికి తీసి డివైడర్ మీద గన్నేరు చెట్ల నీడన కూర్చోబెట్టాం. కుడిచెయ్యి మోచేతి కింద వంకరపోయింది. అతనికి నొప్పి కంటే సరుకు మీదే ధ్యాస. "బాక్సులన్నీ పోయినాయన్నా, మా సావుకారికి ఏం చెప్పాల నేను" అని అదే మాట. 108కి చేశాను. జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి కూడా చేశాను. వాళ్లకు కిలోమీటరు రాయి మీది నంబరు చెప్తే వెతుక్కోకుండా వస్తారు. లారీ క్లీనరు తెలివైనవాడు, ఎవరూ చెప్పకుండానే ఎర్ర తువ్వాలు పట్టుకొని బాగా వెనక్కి పోయి, వచ్చే బండ్లను ఎడమకు తోలడం మొదలుపెట్టాడు. తారు వేడికి చితికిన టమాటాల పులుపు వాసన ముక్కుకు కొడుతోంది. బైకులు ఆపి సంచుల్లో ఏరుకునేవాళ్లు కూడా తయారయ్యారు. వాళ్ల సంగతి ఎత్తుకుంటే ఇది తెమలదు.

అవతలి రోడ్డు, అంటే గుత్తి నుంచి అనంతపురం వచ్చేది, ఖాళీగానే ఉంది. దాని మీద ఒక్క టమాటా కూడా పడలేదు. అయినా వచ్చిన ప్రతి బండీ మా ఎదురుకు వచ్చేసరికి నెమ్మదించేది. ఆర్టీసీ బస్సు కుడివైపు కిటికీల నిండా తలలే. కార్ల అద్దాలు దిగేవి. మామూలుగా అయితే డివైడర్ మీది గన్నేరు చెట్లు మనిషెత్తున పెరిగి, ఇవతల జరిగేది అవతలికి కనబడనివ్వవు. వ్యాను ఎక్కినచోట అవి విరిగిపోయి వాకిలంత సందు ఏర్పడింది. వచ్చేవాళ్లకు ఆ సందు దాకా ఏమీ తెలియదు. సందు దగ్గరికి రాగానే బోల్తాపడ్డ వ్యాను, ఎర్రగా రోడ్డు, మనుషులు, అంతా ఒక్కసారిగా కళ్లబడుతుంది. అందుకని అందరి తలలూ అక్కడే తిరుగుతున్నాయి, బ్రేకులూ అక్కడే పడుతున్నాయి.

టీవీఎస్ ఎక్సెల్ మీద ఒక పెద్దాయన వచ్చాడు. వెనక ఆయన భార్య, ముందర కాళ్ల దగ్గర పశువులకు పెట్టే వేరుశనగ చెక్క మూట. మా ఎదురుకు వచ్చేసరికి బండి దాదాపు నడక వేగానికి తగ్గింది. ఆయన తల మా వైపు తిరిగింది. వెనకాల తెల్ల కారు. నేను ముందు చూసింది కారును కాదు, డ్రైవరు కిటికీలోంచి బయటికి వచ్చిన చేతిని. మోచెయ్యి తలుపు మీద ఆనించి, ఫోన్‌ను అడ్డంగా పట్టుకొని మా వైపు పెట్టాడు. ఫోన్ వెనక కెమెరా అద్దాలు ఎండకు తళుక్కుమన్నాయి. ముఖం కూడా మా వైపే ఉంది. నేను "ఏయ్" అని అరిచినట్టే గుర్తు. శబ్దం పెద్దగా రాలేదు. కారు మరీ వేగంగా కూడా లేదు, గంటకు యాభై అరవై ఉంటుందేమో. ఎక్సెల్ ఎగిరి డివైడర్ పక్కన పడింది. మూట చిట్లి చెక్క రోడ్డంతా పరుచుకుంది. ఆయమ్మ లేచి కూర్చుంది, కాలు చూసుకుంది, మళ్లీ పడుకుంది. పెద్దాయన తలకు హెల్మెట్ లేదు.

కారు నడిపినతను పారిపోలేదు, ఆ మాట చెప్పాలి. దిగి, తల పట్టుకొని, "సడన్‌గా ఆపినాడన్నా, సడన్‌గా ఆపినాడు" అంటూ అటూ ఇటూ తిరిగాడు. ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది.

వచ్చింది ఒక్క 108. దెబ్బలు తగిలినవాళ్లు ముగ్గురు. వ్యాను పిల్లోడే చెయ్యి పట్టుకొని లేచి, "ముందు ఆయప్పను తీస్కపోండి, నాకేం కాలే" అన్నాడు. దంపతులిద్దరినీ ఎక్కించుకొని పోయారు. అతను తర్వాత హైవే పెట్రోలింగ్ బండిలో ఆసుపత్రికి వెళ్లాడు.

పెట్రోలింగ్ బండిలో వచ్చిన ఉద్యోగి ఒకాయన కోన్లు దించుతూ అన్న మాట నాకు బాగా గుర్తుండిపోయింది. "యాక్సిడెంట్ అయిన పక్క మాకు టెన్షన్ ఉండదు సార్. కోన్లు పెడతాం, లైటు వేస్తాం, ఒక లైను మూసేస్తాం. అవతలి రోడ్డే మా ప్రాణం తీస్తది. అక్కడ ఏం మూయాల? రోడ్డు బాగుంది, బండ్లు పోతాండాయి. చూసేటోళ్ల కండ్లు ఎట్ల మూస్తాం?" ఇంగ్లండులో ఇలాంటి చోట్ల తాత్కాలికంగా తెరలు నిలబెట్టి అవతలివాళ్లకు కనబడకుండా చేస్తారని ఎక్కడో చదివి ఆయనతో అన్నాను. ఆయన నవ్వి, నన్నూ లారీ డ్రైవరునూ డివైడర్ మీది నుంచి దిగి రోడ్డు ఎడమ వారకు, రెయిలింగ్ బయటికి పొమ్మన్నాడు. సాయం చేయడానికి ఆగినవాళ్లు రోడ్డు మధ్యలో గుంపుకట్టడం కూడా ఆయన లెక్కలో ప్రమాదమే.

సాయంత్రం స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. ఇంట్లో మాట్లాడుకున్నాం. మా ఆవిడ, "ఆసుపత్రికి పంపించినారు కదా, పుణ్యం అక్కడికి చాలు, ఇంక ఆ స్టేషన్ జోలి మీకెందుకండీ" అంది. మా బావమరిది, "బావా, నువ్వు వద్దంటే ఎవరూ బలవంతం చేయకూడదు, చట్టమే ఉంది" అన్నాడు. అతను చెప్పింది నిజమే. రోడ్డు ప్రమాదంలో సాయం చేసినవాళ్లను వేధించకూడదని 2016లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలకు చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో 134ఎ సెక్షన్ వచ్చింది, 2020లో దానికి రూల్స్ వచ్చాయి. పేరు, ఊరు చెప్పమని నిలదీయకూడదు. సాక్షిగా ఉంటామని మనంతట మనం ఒప్పుకుంటేనే వాంగ్మూలం. అదీ మన ఇంట్లోనో పని చేసే చోటో, పోలీసులు మఫ్టీలో వచ్చి, ఒకే విడతలో తీసుకోవాలి. ఇవన్నీ ఉన్నాయని మనవాళ్లలో చాలామందికి తెలియదు.

నేను ఒప్పుకోవడానికి కారణం పెద్ద ధైర్యమేమీ కాదు. ఫోన్ బయటికి పెట్టడం చూసింది నేనొక్కడినే. వ్యాను పిల్లోడు అటు వీపు పెట్టి కూర్చున్నాడు. లారీ డ్రైవరు ఆ రాత్రికే రాష్ట్రం దాటిపోయాడు. నేను నోరు మూసుకుంటే ఆ కేసులో "పెద్దాయన సడన్‌గా ఆపాడు" అనే మాట ఒక్కటే మిగులుతుంది.

స్టేషన్‌కు నేనే వెళ్లాను. ఇంటికి రమ్మనే హక్కు ఉన్నా, మఫ్టీలో వచ్చినా సరే, వీధిలో వాళ్లకు తెలియకుండా ఉంటుందా? వాంగ్మూలం తీసుకున్నది స్టేషన్ రైటర్. నేను చెప్పడం మొదలుపెట్టగానే ఆయన టైపు చేయడం మొదలైంది, నేను రెండు వాక్యాలు చెప్పేసరికి ఆయన నాలుగు వాక్యాలు పూర్తి చేశాడు. చదవమన్నాను. "సదరు కారు డ్రైవరు కారును అతివేగముగా, అజాగ్రత్తగా నడుపుకొని వచ్చి..." అని ఉంది.

"అతివేగం అని నేను చెప్పలేదు సార్. ఫోన్‌తో వీడియో తీస్తూ చూడకుండా గుద్దినాడు అని చెప్పినా."

"అన్నీ అజాగ్రత్త కిందికే వస్తాయి సార్. సెక్షన్ ఒకటే."

సెక్షన్ ఒకటే, నిజమే. పాత 279 ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 281. గాయాలకు 125. కానీ నేను అతివేగం అని ఒప్పుకొని వచ్చేస్తే, రేపు కోర్టులో లాయరు వేగం ఎంతని అడిగితే ఏం చెప్పాలి? నేను చూడనిది నా నోట పెట్టి, చూసినది తీసేస్తే ఆ సాక్ష్యం ఎవరికి పనికొస్తుంది? ఈ విషయంలో నేను కొంచెం మొండిపట్టు పట్టాను. రైటర్ విసుక్కున్నాడు గానీ, చివరికి ఎస్ఐ గారు కలగజేసుకొని, "ఆయన చెప్పినట్టే రాయప్పా" అన్నాక మార్చాడు. కుడిచేతిలో ఫోన్, కిటికీ బయట, కెమెరా వ్యాను వైపు, ముఖం వ్యాను వైపు అని నాలుగూ పడ్డాయి. సంతకం ఎక్కడ చేయాలని అడిగితే అక్కర్లేదన్నారు. పోలీసులకిచ్చే ఈ వాంగ్మూలం మీద సాక్షి సంతకం తీసుకోకూడదని చట్టంలోనే ఉందట. మనం సంతకం పెట్టని కాగితం మనల్ని కోర్టులో ఎంతగా పట్టుకుంటుందో అప్పటికి నాకు తెలియదు.

కేంద్ర రవాణా శాఖ ఏటా రోడ్డు ప్రమాదాల నివేదిక వేస్తుంది. 2022 లెక్కల్లో ప్రమాదాల్లో 72 శాతం అతివేగం ఖాతాలో ఉన్నాయి. ఫోన్ వాడకం ఖాతాలో రెండు శాతం లోపే. ఆ రైటర్ పక్కన కూర్చున్నాక ఆ రెండు శాతాన్ని నేను నమ్మడం మానేశాను. అతివేగం అనే మాట ముందే టైపు చేసి ఉంటే లెక్కలో కూడా అదే తేలుతుంది.

మూడో రోజు పెద్దాయన చనిపోయాడు. స్టేషన్ నుంచి కోర్టుకు మెమో వెళ్లి సెక్షన్ 106(1)కి మారింది. నిర్లక్ష్యంతో ప్రాణం తీసినందుకు ఐదేళ్ల దాకా జైలు ఉండే సెక్షన్ అది. పెద్దాయన కొడుకు నాకు ఫోన్ చేశాడు. గుత్తి దగ్గర పల్లె, రెండెకరాల చీనీ తోట. "సార్, మీరు ఉన్నారంట కదా అక్కడ. నాయన ఏమన్నా మాట్లాడినాడా?" అని అడిగాడు. లేదని చెప్పాను. ఆసుపత్రి ఖర్చుకు అప్పటికే అప్పు చేశాడు. ప్రమాదం జరిగినవాళ్లకు ఏడు రోజుల దాకా లక్షన్నర వరకు నగదు లేకుండా చికిత్స చేసే కేంద్ర పథకం నోటిఫై అయింది ఆ మే నెలలో. వీళ్లకు రెండు నెలలు ఆలస్యం.

ఘటనాస్థలం రఫ్ స్కెచ్ వేసేటప్పుడు నన్ను కూడా పిలిచారు. ఎండలో టేపు పట్టి కొలిచారు. సందు ఎక్కడ, నేను నిలబడ్డది ఎక్కడ, ఎక్సెల్ పడింది ఎక్కడ అని చూపించాను. అక్కడొక విషయం చూశాను. ఎక్సెల్‌ను గుద్దిన చోటుకు ముందు తారు మీద టైరు గీత ఒక్కటి లేదు. గీతలు మొదలైంది గుద్దిన తర్వాతే. వెనకాలవాడు చూస్తూ ఉంటే, ఆలస్యంగానైనా కాలు బ్రేకు మీద పడేది కదా. మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టులో కారు బ్రేకులు మంచి కండిషన్‌లో ఉన్నాయని వచ్చింది. డిఫెన్సు లాయరు తర్వాత దీనికి కూడా జవాబు తయారుగా పెట్టుకున్నాడు: ఈ కాలం కార్లకు ఏబీఎస్ ఉంటుంది, బ్రేకు వేసినా గీతలు సరిగా పడవు. అయితే గుద్దాక ఎందుకు పడ్డాయని నేను మనసులో అనుకున్నాను. అది చెప్పాల్సింది నేను కాదు.

ఫోన్ సీజ్ చేశారు. అందులో వీడియో లేదు. తుడిచేశాడో, రికార్డు బటనే నొక్కలేదో ల్యాబ్ చెప్పాలి. ఈలోగా ఇంకెవరో తీసిన క్లిప్పు మా వీధి వాట్సాప్ గ్రూపులోకి కూడా వచ్చింది, వ్యాను, టమాటాలు, నీలం చొక్కాలో నేను. కింద దండం బొమ్మలు, ఏడుపు బొమ్మలు. అది తీసినవాడు ఎవరో తెలియదు, కానీ వీడియో ఊగిన తీరు చూస్తే కదిలే బండిలోంచి తీసిందే. ఎస్ఐ గారికి పంపిస్తానంటే, ఫార్వర్డ్ అయి వచ్చింది కోర్టులో నిలబడదని, తీసిన ఫోనూ దానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్టూ కావాలని చెప్పారు.

ఆ తర్వాత చాలా కాలం ఏమీ లేదు. నేను నా డ్రిప్ పైపుల్లో పడిపోయాను. మళ్లీ మనసు అటు పోయింది అక్టోబర్ 24న. కర్నూలు దగ్గర చిన్నటేకూరులో, మా హైవే మీదే, తెల్లవారుజామున. ఒక బైకు అదుపు తప్పి డివైడర్‌కు కొట్టుకొని పడింది, నడిపినతను చనిపోయాడు. రోడ్డు మీద పడి ఉన్న ఆ బైకు మీదికి హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే ప్రైవేటు బస్సు వచ్చి, దాన్ని ఈడ్చుకుంటూ పోయింది. మంటలు లేచి 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. అది చీకట్లో, వానలో జరిగింది. మాది పట్టపగలు జరిగింది. పోలిక పెట్టాలని కాదు. కానీ మొదటి యాక్సిడెంట్ అయిపోయాక ఆ చోటు ఎంత ప్రమాదమో ఆ రోజు టీవీ ముందు కూర్చున్నవాళ్లందరూ చూశారు. ఆ రెండు రోజులూ అదే రోడ్డు మీద పోతూ కాలిన బస్సును ఫోన్‌లో తీసినవాళ్లు ఎంతమంది ఉంటారో నేను ఊహించగలను.

సమన్లు తెచ్చింది కోర్టు కానిస్టేబుల్. మంచి మనిషి. "సార్, పది గంటలకే రండి, పిలిచినప్పుడు లేకపోతే మళ్లీ వాయిదా" అన్నాడు. పది గంటలకే పోయాను. ఒక వాయిదాకు జడ్జిగారు సెలవు. ఒక వాయిదాకు డిఫెన్సు లాయరు టైము అడిగాడు. నేను మడకశిర దగ్గర ఒక రైతు తోటకు పోవాల్సింది మానుకొని, వేపచెట్టు కింద బల్ల మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. సాక్షికి బత్తా ఇస్తారు, పెట్రోలుకు సరిపోతుందని మాత్రం అనుకోవద్దు. నా విచారణ జరిగిన రోజు ఏపీపీ గారు, అంటే ప్రభుత్వం తరఫు లాయరు, వరండాలో ఐదు నిమిషాలు నాతో మాట్లాడారు. "మీ వాంగ్మూలంలో ఉన్నదే చెప్పండి. ఎక్కువ వద్దు, తక్కువ వద్దు. తెలియకపోతే తెలియదనండి." నాకు దొరికిన ట్రైనింగ్ అంతే. ఇంతకంటే మంచిది ఉంటుందని కూడా నేననుకోను.

చీఫ్, అంటే ఏపీపీ గారు నన్ను అడగడం, త్వరగా అయిపోయింది. క్రాస్, అంటే ఎదుటి పక్షం ప్రశ్నల దగ్గర, డిఫెన్సు లాయరు చాలా మర్యాదగా మొదలుపెట్టాడు.

"మీరు డివైడర్ మీద గన్నేరు చెట్ల మధ్య ఉన్నారు. ఆ చెట్లు మనిషెత్తు ఉంటాయి. నిజమేనా?"

"నిజమే."

"మరి అవతలి కారులోని మనిషి చేతిలో ఏముందో మీకెట్ల కనబడింది?"

"వ్యాను ఎక్కినచోట చెట్లు విరిగి పడినాయి సార్. ఆ సందులోంచి కనబడింది. వాళ్లకు మేం కనబడిందీ అందులోంచే."

స్కెచ్ తెప్పించి చూశారు. సందు అందులో ఉంది. ఎండలో టేపు పట్టినందుకు ఆ క్షణంలో నాకు మహా తృప్తిగా అనిపించింది.

"ఫోన్ చేతిలో ఉంటే వీడియో తీసినట్టేనా? దారి చూసుకోవడానికి ఫోన్ వాడొచ్చని రూలు ఉంది. మా క్లయింటు మ్యాప్ చూసుకుంటున్నాడు."

ఆ రూలు ఉన్న మాట నిజమే. 2020లో వచ్చింది. చేతిలో ఫోన్ దారి చూసుకోవడానికి మాత్రమే వాడొచ్చు, అదీ డ్రైవింగ్ మీద ధ్యాస చెదరకుండా. మిగతా ఏ వాడకమైనా మోటారు వాహనాల చట్టం 184 సెక్షన్ కింద ప్రమాదకరమైన డ్రైవింగే, మొదటిసారికి వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా గానీ, ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు గానీ, రెండూ గానీ. నేను ఇంటి దగ్గర చదువుకొని పోయాను. కానీ చట్టం చెప్పడం నా పని కాదు కదా. "మ్యాప్ చూసుకునేవాళ్లు ఫోన్ స్క్రీను తమ వైపు పెట్టుకుంటారు సార్. ఆయన కెమెరా మా వైపు పెట్టి, కిటికీ బయటికి పట్టుకున్నాడు" అన్నాను. లాయరు వెంటనే నా పోలీసు వాంగ్మూలం తీసి చూశాడు. ఈ మాట అందులో లేకపోతే, "పోలీసులకు చెప్పనిది ఈరోజు కల్పించి చెప్తున్నారు" అనేవాడు. అందులో ఉంది. మడిచి పక్కన పెట్టాడు. రైటర్‌తో ఆరోజు పెట్టుకున్న తగువు ఎందుకు పనికొచ్చిందో అప్పుడు అర్థమైంది.

తర్వాతి ప్రశ్నకు నేను తయారుగా లేను.

"ఎక్సెల్ నడిపే పెద్దాయన కూడా వ్యానునే చూస్తున్నాడు. అవునా కాదా?"

వెనక బెంచీలో ఆయన కొడుకు ఉన్నాడు. కర్ర పట్టుకొని ఆయమ్మ ఉంది. నేను ఒక్క క్షణం ఆగితే జడ్జిగారు తలెత్తి చూశారు.

"అవును సార్. తల మా వైపు తిప్పి ఉన్నాడు."

"బండి బాగా స్లో చేశాడు?"

"చేసినాడు."

"ఎడమ వారకు తీసుకోకుండా డివైడర్ పక్క లైనులోనే?"

"అవును."

"హెల్మెట్?"

"లేదు."

జడ్జిగారు ఒక్కొక్కటీ టైపిస్టుకు చెప్తుంటే విన్నాను. నా నోటి నుంచి వచ్చిన ఆ నాలుగు జవాబులు ఇన్సూరెన్సు కేసులో ఆ కుటుంబానికి వచ్చే పరిహారంలోంచి ఎంత కోస్తాయో అని గుబులు పట్టుకుంది. చనిపోయినవాళ్ల తప్పు కూడా ఉందని తేలితే ఆ మేరకు పరిహారం తగ్గిస్తారని అప్పటికే విని ఉన్నాను. ఆ చూపు అరవై వేగంలో ఉన్నవాడికి ఒక రకం, నడక వేగంలో ఉన్నవాడికి ఇంకో రకం అని నా ఉద్దేశం. గంటకు అరవై అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. మూడు సెకన్లు అటు చూస్తే యాభై మీటర్లు కారు తనంతట తనే పోయినట్టు. ఇదంతా చెప్పనిచ్చే ప్రశ్న ఎవరూ అడగలేదు. అయినా పెద్దాయన చూడలేదని నేను చెప్పలేను, చూశాడు. ఆ పూట ఆ సందులోంచి చూడకుండా పోయిన బండి నాకు ఒక్కటి కూడా గుర్తులేదు.

చివర్లో లాయరు, "మీరు చెప్పేదంతా అబద్ధమని నేనంటున్నాను" అన్నాడు. అది ఆనవాయితీ అని ఏపీపీ గారు ముందే చెప్పారు. "కాదు సార్" అన్నాను. దిగిపోయాను.

బయట ఆ కొడుకు నా దగ్గరికి వచ్చాడు. తిడతాడేమో అనుకున్నాను. "మా నాయనకు ఆ అలవాటు ఉంది సార్. ఊర్లో ఏం జరిగినా బండి ఆపి చూసి, ఇంటికొచ్చి అమ్మకు చెప్పాల ఆయప్పకు" అన్నాడు. ఆయమ్మ మాట్లాడలేదు. నా చేతికి చీనీకాయల సంచి ఇచ్చింది. సాక్షికి కోర్టు వరండాలో సంచి ఇవ్వడం ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో అని, పుచ్చుకోకుండా వద్దన్నాను. ఆమెకు అర్థమైందో లేదో.

కారు నడిపినతను కూడా అక్కడే ఉన్నాడు, గోడకు ఆనుకొని. సాఫ్ట్‌వేర్ పిల్లోడు, బెంగళూరులో ఉద్యోగం. ప్రతి వాయిదాకూ సెలవు పెట్టుకొని వస్తున్నాడని కానిస్టేబుల్ చెప్పాడు. అతని మీద నాకు కోపం ఉండాలి గానీ, అంతగా రాలేదు. అతని తర్వాత ఆ సందు దాటిన కార్లలో కూడా అద్దాలు దిగడం, చేతులు బయటికి రావడం చూశాను నేను, రోడ్డు మీద అప్పటికి రెండు యాక్సిడెంట్లు కనబడుతుండగా.

కేసు ఇప్పుడు దర్యాప్తు అధికారి సాక్ష్యానికి వాయిదా పడి ఉంది. ల్యాబ్ రిపోర్టు కూడా అప్పుడే వస్తుందంటున్నారు. పరిహారం కేసు వేరే కోర్టులో, ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్‌లో నడుస్తోంది. 2022 నుంచి వచ్చిన రూల్స్ ప్రకారం పోలీసులే వివరమైన ప్రమాద నివేదికను 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కు పంపాలి, దాని నకలు బాధితులకూ ఇవ్వాలి. ఆ నకలు కోసం కొడుకు చాలా తిరిగాడు. ఇలాంటి కేసులో ఉన్నవాళ్లెవరైనా దాన్ని పేరు పెట్టి, డీఏఆర్ అని అడగండి, ఎఫ్ఐఆర్ కాపీ చేతిలో పెట్టి పంపించేస్తే ఊరుకోవద్దు. క్లెయిము కూడా ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వెయ్యాలని చట్టం మార్చారు, కాబట్టి క్రిమినల్ కేసు తేలాక చూద్దాంలే అని కూర్చోకూడదు.

ట్రిబ్యునల్‌లో కూడా నన్నే సాక్షిగా పెడతామని వాళ్ల లాయరు ఫోన్ చేశాడు. వస్తానన్నాను. జూన్, జూలై మాత్రం వద్దని చెప్పాను, ఆ రెండు నెలలు చీనీ తోటలకు డ్రిప్ బిగించే పనుల్లో నాకు ఊపిరాడదు.